మాట పట్టేసినప్పుడు మాట మార్చకండి

అమ్మా, మీరు అడిగినవి మూడు విషయాలు. చిన్ననాటి నుంచి నత్తి ఉన్న మీరు మైదుకూరు వైపు ఒక ఊళ్లో గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా చేరి రెండేళ్లయింది. ఒక్కొక్క రైతుతో మాట్లాడేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తున్నారు గాని, పదిమంది కూర్చున్న చోట నిలబడి చెప్పవలసి వచ్చినా, టెలికాన్ఫరెన్స్‌లో మీ వంతు వచ్చినా గొంతు పట్టేసుకుంటోంది. పై అధికారి జాలిపడి మీ బదులు పక్క ఊరి సహాయకుడి చేత చెప్పిస్తున్నారు. కాగితాల పని మాత్రమే ఉండే చోటికి మారిపోవడం మేలా, దీనికి మందు ఏదైనా ఉందా, ఉన్నచోటే ఉంటే సభలో ఎలా మాట్లాడాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను ఉమ్మడి అనంతపురం జిల్లాలో వ్యవసాయ శాఖలో 31 ఏళ్లు పనిచేసి విరమించాను. విరమణ సభలో వందన సమర్పణ చేస్తూ నా పేరు దగ్గరే నాకు మాట పట్టేసింది. నా సలహా ఎలాంటివాడి సలహానో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

మీరు రాసిన వాటిలో అన్నిటికంటే నన్ను ఆపిన వాక్యం మరొకటి ఉంది. "కష్టమైన మాట రాబోతోందని నాకు ముందే తెలుస్తుంది, దాని బదులు ఇంకో మాట వాడి తప్పించుకుంటాను, అందుకే మా ఊళ్లో సగం మందికి నాకు నత్తి ఉందనే తెలియదు" అని రాశారు. ఇది మీ బలమని మీరు అనుకుంటున్నట్టుంది. నేనూ నా ఉద్యోగంలో తొలి నాలుగేళ్లు అలాగే అనుకున్నాను. అది ఎక్కడికి తీసుకుపోయిందో చెప్పిన తరువాత మిగతావాటికి వస్తాను.

1994 జూన్‌లో తాడిపత్రి వైపు ఒక పల్లెలో వేపచెట్టు కింద రైతులను కూర్చోబెట్టి వేరుశనగ విత్తనశుద్ధి గురించి చెబుతున్నాను. కిలో విత్తనానికి మూడు గ్రాముల మాంకోజెబ్ పట్టించి నాటాలని చెప్పాలి. నాకు ఆ రోజుల్లో 'మ' అక్షరం దగ్గర మాట ఎక్కువగా పట్టేసేది. "మూడు గ్రాముల" అన్నది ఎలాగో గట్టెక్కింది. వెంటనే మళ్లీ 'మ'తోనే మందు పేరు రావడంతో గుండె జారి, "అదే, అంగట్లో దొరికే పచ్చ పొడి మందు" అనేశాను. రైతులు తల ఊపారు. నేను చాలా తేలికగా ఊపిరి పీల్చుకుని జీపెక్కాను. ఒక రైతు అంగడికి పోయి "పచ్చ పొడి" అని అడిగితే అక్కడివాడు గంధకం పొడి చేతిలో పెట్టాడు. చూడటానికి అదీ పసుపు పచ్చని పొడే. మొలకెత్తిన శనక్కాయ మొదలు కుళ్లి చాళ్లకు చాళ్లు ఖాళీ అయిన తరువాత నేను ఆ చేనికి వెళితే, ఆయన కోప్పడలేదు గాని, "నువ్వు పచ్చ పొడి అంటివి గద సారూ, వాడు ఇదే ఇచ్చె" అన్నాడు. మళ్లీ విత్తనం కొన్నాడు. అది వేసే అదనుకు వాన లేదు. మాంకోజెబ్ అన్న మాట దగ్గర నేను తడబడి ఉంటే మహా అయితే నాలుగైదు సెకన్లు పోయేవి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేలలో ఒక రైతు అదను పోయింది, అదీ నా సిగ్గు కోసం.

మన ఉద్యోగంలో మాట్లాడటమంటే మందు పేరు, మోతాదు, తేదీ, కిలోలు, ఎకరాలు. వీటికి పర్యాయపదాలు ఉండవు. నత్తి ఉన్న బ్రిటన్ రాజు ఆరో జార్జి చక్రవర్తి కథ అందరూ మనకు ఓదార్పుగా చెబుతారు. ఆయనకు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లయనెల్ లోగ్ అనే శిక్షకుడు 1926 నుంచి తోడుగా ఉండి, 1939 సెప్టెంబరు 3న రేడియోలో యుద్ధ ప్రసంగం చదివేటప్పుడు కూడా పక్కనే నిలబడ్డాడు. ప్రసంగం కాగితం మీద ఎక్కడ ఆగాలో గీతలు పెట్టడంతో పాటు, రాజుగారి నోటికి అడ్డం వచ్చే మాటల బదులు వేరే మాటలు వేసేవాడు. రాజుగారికి అది చెల్లింది. మాట మారితే ఆయన శ్రోతల పంట పోదు, పైగా ఎదురు లేచి "యామ్మా, ఎకరాకెంత?" అని అడిగే రైతు ఆ రేడియో ముందు ఎవరూ లేరు.

మాట మార్చడం వల్ల రెండో నష్టం లోపల జరుగుతుంది. ఏ మాటను తప్పించారో ఆ మాట మీద భయం పెరుగుతుంది. ఈ ఏడు 'క' కష్టమైతే వచ్చే ఏటికి 'గ' కూడా ఆ జాబితాలో చేరుతుంది. చెబుతున్న విషయం మీద ఉండవలసిన మనసు సగం, రాబోయే మాటల మీద కాపలా కాయడానికే సరిపోతుంది. మీ పేరు 'ప'తో మొదలవుతుందనీ, పేరు చెప్పమంటేనే అన్నిటికంటే ఎక్కువ పట్టేస్తుందనీ రాశారు. నత్తి ఉన్నవారిలో చాలామందికి ఇదే అనుభవం. కారణం దెయ్యమూ కాదు, ఆత్మవిశ్వాసం లేకపోవడమూ కాదు. పేరుకు బదులు మాట లేదు, అది చెప్పడానికి ఆలస్యం చేసే వీలూ లేదు.

ఇక మందు విషయం. నత్తిని పోగొట్టడానికి ఆమోదం పొందిన మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. మీ అమ్మగారు వస కొమ్ము అరగదీసి నాలుకకు రాశారని, నాలుక కింది నరం కోయిద్దామని కూడా ఎవరో అన్నారని రాశారు. మా అవ్వ కూడా నాకు వస పోసింది, అది ఎక్కువై వాగుడుకాయలైనవాళ్లను చూశాను గాని నత్తి పోయినవాళ్లను చూడలేదు. హాస్యం అలా ఉంచి, నాలుక కోత మాట మాత్రం ఇంట్లో మళ్లీ ఎత్తనివ్వకండి. 1841లో డీఫెన్‌బాక్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు నత్తివాళ్ల నాలుకల్లో కండ కోసి చూశాడు. ఆ రోజుల్లో మత్తుమందు కూడా లేదు. దానివల్ల నత్తి పోలేదు, కొందరికి ప్రాణం మీదికి వచ్చింది. నత్తికి మూలం నాలుకలో లేదు. మాటకు కావలసిన కండరాలు ఒకదాని వెంట ఒకటి సరిగ్గా కదిలేలా మెదడు చేసే ఏర్పాటులో చిన్న తేడా ఉంటుంది. చాలా కుటుంబాల్లో అది తరతరాలుగా వస్తుంది. 2010లో పాకిస్తాన్ కుటుంబాలను పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞులు దీనికి సంబంధించిన కొన్ని జన్యువులను కూడా గుర్తించారు. సాధారణంగా రెండు నుంచి అయిదేళ్ల వయసులో మొదలై, నూటికి అయిదుగురు పిల్లల్లో కనిపించి, వారిలో నాలుగింట మూడు వంతుల మందికి తనంతట తానే పోతుంది. పెద్దయ్యాక నూటికి ఒకరి దగ్గర మిగులుతుంది, అందులో మగవాళ్లు ఆడవాళ్ల కంటే దాదాపు నాలుగింతలు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కడప జిల్లా జనం 28 లక్షలు దాటారు. మీలాంటివారు ఆ ఒక్క జిల్లాలోనే ఎన్ని వేలమంది ఉంటారో మీరే లెక్క వేసుకోండి. (ఒక్క హెచ్చరిక: చిన్నప్పుడు లేని నత్తి పెద్దయ్యాక ఉన్నట్టుండి వస్తే అది వేరే సంగతి, వెంటనే నరాల వైద్యుడికి చూపించాలి. మీది అలాంటిది కాదు.)

మందు లేదంటే సాయం లేదని కాదు. స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని నెలలు నేర్చుకుంటే నత్తి పోతుందని నేను మాట ఇవ్వలేను గాని, నత్తితో పెనుగులాడటం బాగా తగ్గుతుందని ఇవ్వగలను. మా అనంతపురం నుంచి పెద్ద వైద్యానికి అందరూ 210 కిలోమీటర్లు బెంగళూరుకే పోతారు. అక్కడి మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో మాట, వినికిడికి ప్రత్యేక విభాగం ఉంది. మైసూరులో 1965 నుంచి నడుస్తున్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విషయంలో దేశంలోనే పెద్దది. దగ్గర్లో చూసుకోవాలంటే జిల్లా ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో విచారించండి. ఎవరి దగ్గరికి వెళ్లినా వారికి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదు ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి. "పదిహేను రోజుల్లో నత్తి మాయం" అని గోడల మీద రాసుకునేవారి దగ్గరికి వెళ్లకండి. అక్కడ నేర్పేది చాలావరకు గొంతు సాగదీసి పాటలాగా మాట్లాడించడమే. పాడేటప్పుడు దాదాపు ఎవరికీ నత్తి రాదు కనుక ఆ గదిలో అద్భుతంగా ఉంటుంది, బస్టాండులో టికెట్ అడిగేసరికి పాత కథే.

నాకు పనికొచ్చినవి ఛార్లెస్ వాన్ రైపర్ అనే అమెరికన్ నేర్పిన పద్ధతులు. ఆయన 1905లో పుట్టినవాడు, తానే తీవ్రమైన నత్తితో పెరిగినవాడు. నత్తి రాకుండా చేయాలని చూడకుండా, వచ్చిన నత్తిని మెత్తగా దాటమన్నాడు. మాట పట్టేసినప్పుడు అసలేం జరుగుతుందో ముందు గమనించండి. 'పంట' అనబోతే పెదవులు కలుసుకుంటాయి. మామూలుగా అవి తాకీ తాకనట్టు కలిసి విడిపోవాలి, మనకేమో గట్టిగా బిగుసుకుంటాయి, గొంతులో తలుపులూ మూసుకుంటాయి, వెనక గాలి నొక్కుకుపోతుంది. మనం ఇంకా గట్టిగా తోస్తాం. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తోసి ఏం లాభం? తోయడం ఆపి, ఉన్నచోటే ఉండి, పెదవుల బిగువును కొద్దికొద్దిగా వదులుతూ "ప...అంట" అని అచ్చులోకి జారండి. మాట మధ్యలో బయటపడటం ఇది. అది చేతకాకపోతే ఎలాగో మాట పూర్తిచేసి, ఒక్క క్షణం ఆగి, అదే మాటను మళ్లీ వదులుగా చెప్పి ముందుకు పోండి. మొదట్లో ఇదే సులువు. కొన్నాళ్లకు, రాబోయే కష్టమైన మాటను ముందే పసిగట్టే మీ అలవాటు ఇక్కడ ఉపయోగానికి వస్తుంది. పసిగట్టి పారిపోవడానికి ఇన్నాళ్లు వాడారు, ఇకమీదట పసిగట్టి పెదవులు వదులు చేసుకోవడానికి వాడండి. 'మ', 'న' లాంటి ముక్కుతో పలికే అక్షరాలకు నోటి దారి మూసి ఉండగానే గొంతు మోగించే వీలుంది కనుక వాటితో సాధన మొదలుపెడితే త్వరగా అలవాటవుతుంది. నేను కొన్ని వందల సార్లు మాంకోజెబ్ అన్నాను, మా ఇంట్లో కుక్క కూడా ఆ పేరు పెట్టి పిలిస్తే వచ్చేది.

కళ్లు మూసుకోవడం, కాలు నేలకేసి కొట్టడం, తొడ చరుచుకోవడం మీకూ ఉందని రాశారు. ఇవి మొదటిసారి నిజంగానే పనిచేస్తాయి, ధ్యాస మళ్లుతుంది కనుక. తరువాత పని మానేస్తాయి, అలవాటు మాత్రం మిగిలిపోతుంది. కళ్లతో మొదలుపెట్టండి. మాట ఆగినా చూపు రైతు ముఖం మీదే ఉంచగలిగితే సభ మీ చేతిలోనే ఉంటుంది. మనకు నిమిషంలా అనిపించే పట్టు చాలాసార్లు ఒకటి రెండు సెకన్లలో తీరిపోతుంది. నమ్మకం కుదరకపోతే ఫోనులో రికార్డు చేసుకుని గడియారం పెట్టి వినండి. మొదటిసారి వినడం చేదుగా ఉంటుంది, ఓర్చుకోవాలి.

సభ విషయానికి వస్తే, మొదటి వాక్యం ఇలా ఉండనివ్వండి: "నాకు నత్తి ఉంది, అక్కడక్కడ మాట ఆగుతుంది, ఆగినప్పుడు కాస్త ఓపిక పట్టండి, మందు పేరు మాత్రం నా నోటి నుంచే వినండి." క్షమించమని అడగకండి, తప్పు చేసినవాళ్లు అడిగేది అది. చెప్పేశాక దాచవలసింది ఏమీ మిగలదు కనుక గొంతు బిగువు సగం తగ్గుతుంది. వినేవారికీ ఎటు చూడాలో తెలియని ఇబ్బంది పోతుంది. నేను మొదటిసారి ఇలా చెప్పిన ఊళ్లో ఒక పెద్దాయన "మాకు తెల్దా యేందప్పా, నువ్వు చెప్పు" అన్నాడు. మనం ఎంత బాగా దాస్తున్నామనుకుంటామో అంత బాగా దాయడం లేదని ఆ రోజే తెలిసింది. మా వైపు పల్లెల్లో మనిషికో గుర్తు తగిలించి పిలవడం మామూలే కనుక నాకు 'నత్తి ఆఫీసరు' అన్న పేరు వచ్చింది. మొదట్లో గుచ్చుకునేది, తరువాత తరువాత బస్సు దిగగానే దారి చూపించడానికి అదే ఉపయోగపడింది.

సాధన గురించి ఒక మాట. అద్దం ముందు ఒంటరిగా చెప్పుకుని "గడగడా వచ్చేసింది, రేపు ఇబ్బంది లేదు" అనుకోకండి. ఒంటరిగా ఉన్నప్పుడు నత్తి చాలామందికి రాదు, కనుక అది రేపటికి కొలత కాదు. ఎదురుగా వినే మనిషి ఉండాలి, తమ్ముడో స్నేహితురాలో. మాట అందించవద్దని వాళ్లకు ముందే చెప్పండి. అలాగే నలుగురూ కలిసి ఒకేసారి పలికేటప్పుడు కూడా నత్తి దాదాపుగా రాదు. ఇది మన పనికి దేవుడిచ్చిన వరం. "అందరూ నాతో కలిసి చెప్పండి, కిలో విత్తనానికి మూడు గ్రాములు" అని రెండుసార్లు అనిపించండి. మీకు మాట సాఫీగా వస్తుంది, వాళ్లకు మోతాదు గుర్తుంటుంది. ఇదీ దాచుకోవడమే కదా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. రైతుకు మేలు జరిగేచోట దాన్ని వాడుకోవడంలో తప్పు లేదన్నది నా అభిప్రాయం. అయితే ముందుగా ఒకసారి వాళ్ల ముందు మీరొక్కరే మీ నోటితో చెప్పిన తరువాత అందరి చేత అనిపించండి. మైకు ఇస్తే ముందే ఒకసారి మాట్లాడి చూసుకోండి. ఊరి మైకు సెట్టులో మన గొంతు మనకే కాస్త ఆలస్యంగా తిరిగి వినబడుతుంది. కొందరికి దానివల్ల నత్తి తగ్గుతుంది, కొందరికి అసలు మాటే చెదిరిపోతుంది. నాకు చెదిరేది, అందుకే స్పీకరుకు దూరంగా నిలబడేవాణ్ణి.

టెలికాన్ఫరెన్స్ అన్నిటికంటే కష్టం, అందులో మీ భయం సహేతుకమే. మన ముఖం వాళ్లకు కనబడదు, మాట ఆగితే లైను పోయిందనుకుని "హలో, హలో" అంటారు, ఆ తొందరలో ఇంకా బిగుసుకుంటుంది. నేను యాడికి మండలంలో పనిచేసిన రోజుల్లో జిల్లా సమావేశంలో 63 మండలాలను ఇంగ్లీషు అక్షరక్రమంలో పిలిచేవారు. అగళితో మొదలైతే మాది చిట్టచివరి రెండింటిలో ఒకటి. మూడు గంటలు కూర్చుని నా వంతు కోసం భయపడుతూ, ఎదుటివాళ్లు చెప్పింది ఒక్క ముక్క వినకుండా, చివరికి లేచి నిలబడితే గాలి కూడా వచ్చేది కాదు. ఒకసారి అలాగే ఆగిపోతే వెనక వరసలో ఒకాయన "యాడికీ పోల్యా, ఆడ్నే నిలబడినాడు" అన్నాడు, హాలంతా నవ్వింది. ఇప్పుడు తలచుకుంటే మాట బాగానే కుదిరిందని నాకూ నవ్వు వస్తుంది, ఆ రాత్రి మాత్రం రాజీనామా కాగితం రాశాను. పొద్దున్నే దాన్ని చింపి, పై అధికారి దగ్గరికి వెళ్లి ఒక్కటే కోరాను: సార్, నన్ను మొదట పిలవండి. ఎందుకో వివరంగా చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఎదురుచూపు పోయాక పట్టు పూర్తిగా పోలేదు గాని, మునుపటి సమావేశాల్లో కనబడని కొత్త సంగతి ఒకటి జరిగింది, మిగతా మండలాల వాళ్లు చెప్పేది నాకు వినబడటం మొదలైంది.

అందువల్ల బదిలీ దరఖాస్తు ఇప్పుడే పెట్టకండి. కాగితాల పనిలోనూ ఫోన్లు ఉంటాయి, ఆడిట్‌వాళ్లు ఉంటారు, నత్తి మీ వెంటే వస్తుంది. చట్టం అండ ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినా, అందులో మాట, భాషా వైకల్యానికి ఉదాహరణలుగా చెప్పినవి గొంతు తొలగించినవారూ, మెదడు దెబ్బతిని మాట పోయినవారూ. చిన్ననాటి నత్తికి దాని కింద ధ్రువపత్రం దొరకడం సులువు కాదు. దానికోసం తిరగడం కంటే మీ అధికారితో నేరుగా మాట్లాడితే పని త్వరగా అవుతుంది. ఆయన మీ బదులు మరొకరి చేత చెప్పించడం దయతోనే అయినా, మీ ఊరి లెక్కలు మీకు తప్ప ఆ పక్క ఊరి అబ్బాయికి తెలియవు, రేపు తప్పు అంకె చదివితే సంజాయిషీ మాత్రం మీరే ఇవ్వాలి. నోటితో చెప్పడం కష్టమైతే నాలుగు వాక్యాలు రాసి ఇవ్వండి: మా ఊరి నివేదిక నేనే చెబుతాను, మిగతావారి కంటే ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, జాబితాలో నన్ను ముందు పిలవండి, మాట ఆగితే లైను పోయిందనుకోకండి.

ఆ తరువాతి సోమవారం టెలికాన్ఫరెన్స్‌లో మీ పేరు పిలిచినప్పుడు మ్యూట్ తీసి, 'ప' దగ్గర పెదవులు వదులుగా పెట్టి, ఎంత సేపు పడితే అంత సేపు తీసుకుని మీ పేరు మీరే చెప్పండి. దాని వెంట ఆగకుండా శనగ ఎన్ని ఎకరాల్లో వేశారో ఆ అంకె చెప్పండి. అంకె రాసిన కాగితం ముందుంచుకోండి, దాన్ని మాత్రం మార్చకండి.